ఒక్క క్లిక్కుకి ఒదగని పల్నాడు

బిలంలో చీకటీ కనిపించాలి, బయటి ఎండా కనిపించాలి. కొండ మొత్తం రావాలి, కింద ప్రభల తళుకులూ రావాలి. అన్నీ ఒకే ఫొటోలో! కుదరదనుకుంటున్నారా? పదులకొద్దీ ఫొటోలు తీసి, వెలుగునీ చీకటినీ కలిపి, ముక్కలన్నిటినీ కుట్టి ఒకే చిత్రం చేసే విద్య ఒకటుంది. పల్నాడు లాంటి చోటికి అది సరదా మాత్రమే కాదు, అవసరం కూడా.

మిట్టమధ్యాహ్నం గుత్తికొండ బిలం లోపల నిలబడి గుమ్మం వైపు చూస్తే అన్నీ కనిపిస్తాయి. తల మీది రాతి కప్పు, పక్కనున్న గోడలు, గుమ్మం బయట చెట్లు, వాటి వెనక ఆకాశం... కన్ను దేన్నీ వదిలిపెట్టదు. అదే చోట జేబులోంచి ఫోను తీసి ఒక్క క్లిక్ కొట్టండి. బయటి చెట్లు బాగా వస్తే బిలం మొత్తం మసిబొగ్గు. బిలం గోడలు కనిపించేలా తీస్తే గుమ్మం ఉన్నచోట పిడుగురాళ్ల సున్నం పూసినట్టు ఓ తెల్లటి మచ్చ. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాల్సిందే.

పల్నాట ఇలాంటి చోట్లు అడుగడుగునా ఉన్నాయి. మాచర్ల చెన్నకేశవస్వామి గుడిలో మండపం నీడ, బయట నిప్పులు చెరిగే ఎండ. ఎత్తిపోతల దగ్గర తెల్లగా మెరిసే నీటిధార, దాన్ని ఆనుకుని నల్లటి రాతిగోడ. ఇక కోటప్పకొండ ఎక్కి చూస్తే తల తిప్పినంత మేరా పొలాలూ ఊళ్లూ... ఏ కెమెరా చట్రంలోనూ ఇమడవు.

అంటే చిక్కులు రెండు. వెలుగూ చీకటీ ఒకేసారి పట్టవు. చుట్టూ ఉన్నదంతా ఒకేసారి రాదు. ఈ రెండు ముళ్లనీ కలిపి విప్పేదే 'హెచ్‌డీఆర్ పనోరమా'. హై డైనమిక్ రేంజ్ అన్న మాటకి పొట్టి పేరు హెచ్‌డీఆర్. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు నుంచి కటిక నీడ దాకా మధ్యలో ఉన్నదంతా పట్టుకునే ఫొటో అన్నమాట. పనోరమా అంటే చుట్టూ కనిపించే దృశ్యం. 1780ల్లో రాబర్ట్ బార్కర్ అనే ఐరిష్ చిత్రకారుడు గుండ్రటి గోడల మీద ఊరంతా కనిపించేలా బొమ్మలు గీసి జనాన్ని మధ్యలో నిలబెట్టి చూపించాడు. ఆ పేరు అక్కణ్నుంచి వచ్చిందే.

కంటికో లెక్క... కెమెరాకో లెక్క

మన కంటికి సాధ్యమైంది వేలూ లక్షలూ పోసి కొన్న కెమెరాకి ఎందుకు సాధ్యం కాదు?

చదరంగం గళ్లలో గింజలు పెట్టిన కథ గుర్తుంది కదా! మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఫొటోగ్రాఫర్లు వెలుగుని కూడా ఇలాగే కొలుస్తారు. వెలుగు రెట్టింపు అయిన ప్రతిసారీ ఒక 'స్టాపు'. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుగు దాదాపు లక్ష లక్సులు. గుహలో మలుపు తిరిగిన చోట ఒక్క లక్సు కూడా ఉండకపోవచ్చు. తేడా లక్ష రెట్లు. స్టాపుల్లో చెప్పాలంటే పదహారు, పదిహేడు. మంచి డిజిటల్ కెమెరా ఒక్క క్లిక్కులో పట్టగలిగేది 12 నుంచి 14 స్టాపులు. ఫోనులోని చిన్న సెన్సర్‌కి అదీ కష్టమే. ఆ పరిధి దాటిన వెలుగంతా తెల్ల మచ్చ, దానికి అందని నీడంతా నల్ల మచ్చ.

కన్ను మాత్రం ఒకే ఒక్క ఫొటో తీసి ఊరుకోదు. గుమ్మం వైపు చూసినప్పుడు కంటిపాప రెండు మిల్లీమీటర్లకి ముడుచుకుంటుంది. చీకటి మూలకి తిరిగినప్పుడు ఏడెనిమిది మిల్లీమీటర్లకి విచ్చుకుంటుంది. లోపలి రెటీనా కూడా వెలుగుని బట్టి సర్దుకుంటుంది. కటిక చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పట్టేది అందుకే. ఇలా ముక్కలు ముక్కలుగా చూసినవన్నీ కలిపి మెదడు మనకో పూర్తి బొమ్మ అందిస్తుంది. హెచ్‌డీఆర్ పనోరమా చేసేదీ సరిగ్గా అదే. కాకపోతే మెదడు చేసే పని కంప్యూటర్ చేస్తుంది.

ఒకే చోటు... ఏడు ఫొటోలు

మొదటి మెట్టు 'బ్రాకెటింగ్'. కెమెరాని స్టాండు మీద కదలకుండా బిగించి, ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగు మోతాదుల్లో వరసగా తీయడమే బ్రాకెటింగ్. షట్టర్ ఒకసారి సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే, తరవాత 250వ వంతు, ఆ తరవాత 60వ వంతు. మూడింటి మధ్యా రెండేసి స్టాపుల తేడా. మొదటి ఫొటోలో మేఘాల అంచులు కూడా స్పష్టంగా ఉంటాయి, నేలంతా చీకటి. చివరి ఫొటోలో చెట్టు నీడలో కూర్చున్న మనిషి చొక్కా గళ్లు కూడా లెక్కపెట్టొచ్చు, ఆకాశం మాత్రం తెల్లకాగితం.

మామూలు దృశ్యానికి మూడు ఫొటోలు చాలు. గుత్తికొండ బిలం లాంటి చోట అయిదు, ఏడు కావాలి. వెయ్యో వంతు సెకనుతో మొదలుపెట్టి రెండేసి స్టాపులు పెంచుకుంటూ పోతే ఏడో ఫొటోకి షట్టర్ నాలుగు సెకన్ల పాటు తెరిచి ఉంటుంది. అప్పుడుగానీ చీకటి మూలలోని రాయి ముఖం చూపించదు.

ఇక్కడో నియమం ఉంది. మార్చాల్సింది షట్టర్ వేగాన్ని మాత్రమే. లెన్సు కన్నం పరిమాణాన్ని మారిస్తే ముందూ వెనకా ఉన్న వస్తువుల స్పష్టత మారిపోతుంది. అప్పుడు ఫొటోలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. ఫోకస్, రంగుల సర్దుబాటు, ఐఎస్ఓ... అన్నిటినీ మొదట్లోనే ఒకచోట కట్టేయాలి. కెమెరాకి 'ఆటో' స్వేచ్ఛ ఇచ్చామా, ప్రతి ఫొటోకీ ఒక్కో నిర్ణయం తీసుకుంటుంది. ఆ తగువులన్నీ చివర్లో అతుకుల రూపంలో బయటపడతాయి.

ఈ ఫొటోల్ని కలిపే లెక్కకి మన దేశంతోనూ బంధం ఉంది. ఏ ఫొటోలో ఏ చుక్క ఎంత మెరిసిందో చూసి, ఆ చోట నిజంగా ఎంత వెలుగుందో తిరిగి రాబట్టే పద్ధతి ఒకటి 1997లో వెలుగుచూసింది. దాన్ని ప్రకటించిన ఇద్దరూ అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు. ఒకరు పాల్ డెబెవెక్. రెండోవారు జితేంద్ర మాలిక్, కాన్పూర్ ఐఐటీలో చదువుకున్నవారు. గ్రాఫిక్స్ సినిమాల్లో కంప్యూటర్ సృష్టించిన జంతువు మీద నిజమైన ఎండ పడినట్టు కనిపిస్తుంది కదా... షూటింగ్ జరిగిన చోట తీసిన హెచ్‌డీఆర్ పనోరమా నుంచి ఆ ఎండని అరువు తెచ్చుకుంటారు. మన జేబుల్లోకి ఈ విద్య వచ్చింది 2010 తరవాతే. ఆ ఏడాది ఐఫోన్‌లో హెచ్‌డీఆర్ మీట వచ్చింది. ఇప్పుడు చాలా ఫోన్లు మనం అడక్కుండానే ఒక్క నొక్కుకి అనేక ఫొటోలు తీసి కలిపేస్తున్నాయి.

ముక్కలు కుట్టే దర్జీ

రెండో మెట్టు చుట్టూ తిరగడం. కోటప్పకొండ మీదినుంచి అర్ధచంద్రాకారంలో కనిపించే దృశ్యం కావాలనుకుందాం. కెమెరాని నిలువుగా పెట్టి ఎడమ నుంచి కుడికి ఆరు దిక్కుల్లో తీయాలి. ప్రతి ఫొటోలో దాదాపు మూడో వంతు పక్క ఫొటోలోనూ ఉండాలి. దర్జీ గుడ్డ అంచుని మడిచి కుట్టేందుకు వదిలినట్టు అన్నమాట. ఒక్కో దిక్కుకీ మూడేసి చొప్పున 18 ఫొటోలు. పైనా కిందా సహా పూర్తి గోళం కావాలంటే చేపకన్ను లెన్సుతో చుట్టూ ఆరు, పైకొకటి, కిందికొకటి... ఎనిమిది దిక్కులు. బిలంలో అయితే దిక్కుకి ఏడు చొప్పున 56 ఫొటోలు!

తిరగడంలోనే అసలు కిటుకుంది. ఒక కన్ను మూసి, ముఖం ముందు వేలు నిలబెట్టి, తలని అటూ ఇటూ తిప్పండి. వెనక గోడమీది క్యాలెండర్ వేలు చాటు నుంచి జరిగినట్టు కనిపిస్తుంది. కారణం తేలికే. తల మెడ మీద తిరుగుతుంది, కన్నేమో మెడకి ముందు ఉంది. కెమెరా కూడా అంతే. స్టాండు బోల్టు మీద తిరిగితే దగ్గరున్న స్తంభం, దూరంగా ఉన్న కొండ ఒక్కో ఫొటోలో ఒక్కో వరసలో వస్తాయి. వాటిని ఎవరూ కుట్టలేరు. అందుకే వెలుగు లెన్సులోకి ప్రవేశించే బిందువు సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా కెమెరాని వెనక్కి జరిపి బిగించే ప్రత్యేకమైన పట్టీ వాడతారు. కొండలూ పొలాల్లాంటి దూరపు దృశ్యాలకి ఇది లేకపోయినా నడుస్తుంది. గుడి మండపంలో, ఇంటి వసారాలో మాత్రం తప్పదు.

ఇక కంప్యూటర్ వంతు. పక్కపక్క ఫొటోల్లో ఒకేలా ఉన్న గుర్తుల్ని... రాతి మూల, కిటికీ అంచు, కొమ్మ చీలిక... వందల్లో వెతికి జత కడుతుంది. కెనడాకి చెందిన డేవిడ్ లోవ్ 1999లో ప్రకటించిన పద్ధతి ఈ వెతుకులాటకి పెద్ద ఊతమైంది. అంతకు ఏడాది ముందు, జర్మనీలో పాఠాలు చెప్పుకునే హెల్ముట్ డెర్ష్ అనే ప్రొఫెసర్ 'పనోరమా టూల్స్' పేరుతో ఒక సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా పంచిపెట్టాడు. దాని మీద పుట్టిందే 'హ్యూగిన్'. ఇది ఇప్పటికీ ఉచితమే. ఊళ్లో ఫొటో స్టూడియోలో ఉన్న మామూలు కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది.

మనుషులు దెయ్యాలయ్యే చోటు

కుట్టుపని అయిపోగానే బొమ్మ సిద్ధమైపోదు. అసలు పరీక్ష జనం ఉన్నచోట మొదలవుతుంది.

మహాశివరాత్రి రాత్రి కోటప్పకొండ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తరలివచ్చిన విద్యుత్ ప్రభలు, ఎనభై తొంభై అడుగులు దాటినవి కూడా, తిరునాళ్లలో వరసగా నిలబడతాయి. దీపాలు పరుగులు పెడుతుంటాయి, రంగులు మారుతుంటాయి. కింద ఇసకేస్తే రాలని జనం. పైన చీకట్లో కొండ. వెలుగు చీకట్ల తేడాకి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. హెచ్‌డీఆర్‌కి ఇంతకు మించిన పరీక్షా దొరకదు. మొదటి ఫొటోలో వెలిగిన బల్బు రెండో ఫొటోకి ఆరిపోయి ఉంటుంది. మూడో ఫొటోకి జనం నాలుగడుగులు జరిగి ఉంటారు. మూడూ కలిపితే మనుషులు సగం సగం కనిపించే నీడలవుతారు. ఫొటోగ్రాఫర్లు దీన్ని 'గోస్టింగ్' అంటారు, అంటే దెయ్యాలు రావడం!

దీనికి మందు రెండు రకాలు. కదిలే చోట మాత్రం మూడు ఫొటోల్లో ఒక్కదాన్నే తీసుకుని మిగతావాటిని పక్కన పెట్టడం. ఈ పని సాఫ్ట్‌వేర్లు చాలావరకు వాటంతట అవే చేస్తాయి. రెండోది సమయం ఎంచుకోవడం. పొద్దుగుంకిన తరవాత ఆకాశం ఇంకా ముదురు నీలంగా ఉండే అరగంట ఉంటుంది చూశారూ, అప్పుడు ప్రభల దీపాలకీ ఆకాశానికీ మధ్య తేడా తక్కువ. కొండ ఆకారం కూడా విడిగా తెలుస్తుంది. ఆ కాసేపట్లో తీస్తే రెండు మూడు ఫొటోలతోనే పనైపోతుంది.

కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాల దగ్గర ఇంకో వింత. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... అయిదు రోజులూ వీధులు కిటకిటలాడతాయి. కెమెరా ఎడమ నుంచి కుడికి తిరుగుతుంటే అదే దిక్కుకి నడిచే మనిషి ఒకే పనోరమాలో రెండు చోట్ల ప్రత్యక్షమవుతాడు. వెనకటికి తిరిగే కెమెరాతో స్కూలు గ్రూప్ ఫొటోలు తీసేటప్పుడు అల్లరి పిల్లలు ఈ చివర నుంచి ఆ చివరికి వెనకనుంచి పరుగెత్తి రెండుసార్లు పడేవారట! ఉత్సవంలో ఆ అల్లరి వద్దనుకుంటే జనం నడిచే దిక్కుకి ఎదురుగా కెమెరా తిప్పడమే మార్గం.

ఆఖరి మెట్టు వండి వడ్డించడం. లక్ష రెట్ల తేడాని కాగితం మీద చూపించలేం. అచ్చయిన బొమ్మలో అత్యంత తెలుపుకీ అత్యంత నలుపుకీ తేడా మహా అయితే వంద రెట్లు. కాబట్టి ఆ పెద్ద పరిధిని ఇందులోకి కుదించాలి. ఇక్కడే చాలామంది చెయ్యి జారుతుంది. మేఘాలు ఉక్కురంగులోకి, గడ్డి చిలకపచ్చలోకి మారిపోతాయి. కొండ అంచు చుట్టూ దేవుడి పటంలోలా తెల్లటి వలయం వస్తుంది. ఉప్పు ఎక్కువైన కూర అన్నమాట. నీడ నీడలాగే ఉండాలి, అందులో ఏముందో తెలిస్తే చాలు. చూసినవాళ్లు 'హెచ్‌డీఆర్ చేశారు' అనకుండా 'అక్కడ నిలబడినట్టే ఉంది' అంటే ఆ పని నెగ్గినట్టు.

పల్నాటి రాయి... పందొమ్మిది అడుగుల ఫొటో

ఇదంతా కంప్యూటర్లు వచ్చాక పుట్టిన సరదా అనుకుంటే పొరపాటే. అప్పటి ఫొటో రసాయనాలకి నీలి ఆకాశం మరీ తొందరగా అంటుకుని తెల్లబడేది. అందుకే 1850ల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికో నెగెటివ్, ఆకాశానికో నెగెటివ్ తీసి రెంటినీ ఒకే కాగితం మీద అచ్చు వేశాడు. వెలుగునీ నీడనీ విడివిడిగా తీసి కలపడం అప్పటి నుంచే ఉంది.

ఫొటోలు అతికిన కథ మరీ మనకి దగ్గరిది. కెప్టెన్ లినేయస్ ట్రైప్ మద్రాసు ప్రభుత్వం నియమించిన ఫొటోగ్రాఫర్. 1858లో తంజావూరు పెద్దగుడికి వెళ్లాడు. విమానం అడుగు భాగం చుట్టూ చెక్కిన శాసనాలు ఒక్క ఫొటోలో రావు. కెమెరాని జరుపుకుంటూ పోయి 21 ఫొటోలు తీశాడు. వాటిని వరసగా అతికితే పందొమ్మిది అడుగులు దాటిన పొడవైన చుట్ట అయింది. గుడి చుట్టూ తిరుగుతూ చదివినట్టే చదువుకోవచ్చు.

అదే ఏడాది అదే ట్రైప్ మద్రాసు మ్యూజియంలో కొన్ని శిల్పాల్ని ఫొటోలు తీశాడు. అవి అమరావతి స్తూపం నుంచి 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీయించినవి. ఆ శిల్పాలు చెక్కిన రాయి పేరు ఇప్పటికీ మ్యూజియాల చీటీల మీద 'పల్నాడు సున్నపురాయి' అనే ఉంటుంది. ఆ మరుసటి ఏడాది వాటిని ఓడలో లండన్‌కి తరలించారు. ఇవాళ అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి ఊరేమో 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది. మహాస్తూపం ఉన్నచోట ఇప్పుడు మిగిలింది దాని పీఠమూ కొన్ని రాళ్లూ. అది ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే 1816 ప్రాంతంలో కోలిన్ మెకంజీ బృందం గీసిన బొమ్మలూ, ఆ తరవాతి ఫొటోలే దిక్కు. ఆనాడు కాస్త ఓపిక చేసుకుని నమోదు చేసినవాళ్లే లేకపోతే మనకి ఆ మాత్రం కూడా తెలిసేది కాదు.

నీళ్ల కింద లోయ

పల్నాడుకి ఈ సంగతి మిగతా జిల్లాలకన్నా ఎక్కువ తెలుసు. నాగార్జునకొండ లోయలో ఓ పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి కబురు పెట్టింది స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య. అది 1926. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అలా బయటపడింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు కాబట్టి 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ కాలంతో పందెం వేసి తవ్వింది. కొన్ని కట్టడాల్ని ఊడదీసి కొండమీద, అనుపులో మళ్లీ నిలబెట్టారు. మిగతా లోయ అంతా జలాశయం అడుగుకి చేరింది. అప్పట్లో ఉన్నవి ఫిలిం కెమెరాలు. ఒక్కో ఫొటో ఒక్కో దిక్కుకి చూస్తుంది. ఆ ఫొటోగ్రాఫర్ వీపు వెనక ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు.

అదొక్కటే కాదు. 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు కింద కృష్ణకి రెండు ఒడ్డులా ఊళ్లు ఖాళీ అయ్యాయి. సాగర్ నీళ్లూ కావాలి, పులిచింతల నీళ్లూ కావాలి. పంటలకి అవే ప్రాణం. కానీ మునిగిన వీధిలో రచ్చబండ ఎటువైపు ఉండేది, రామాలయం నుంచి చూస్తే బావి కనిపించేదా అని మనవడు అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! విడి ఫొటోలో గుడి ఉంటుంది. పూర్తి పనోరమాలో గుడి, దాని ఎదురుగా అరుగు, ఆ అరుగు పక్కన సందు, ఆ సందు చివర వేపచెట్టు... దేనికేది ఎంత దూరమో కూడా ఉంటుంది. హెచ్‌డీఆర్ తోడైతే గర్భగుడి ముందు మండపం నీడలో ఉన్న రాతి మీది అక్షరాలు కూడా దక్కుతాయి.

గూగుల్ స్ట్రీట్ వ్యూ 2007లో అమెరికాలో మొదలైంది. మన దేశంలో 2022లో హైదరాబాద్ సహా పది నగరాలతో మళ్లీ బయల్దేరింది. కానీ కారు మీద పెట్టిన కెమెరా రోడ్డు ఉన్నచోటికే పోతుంది. బిలంలోకి దిగదు, మెట్లు ఎక్కదు, మన పెరట్లోకి రాదు. ఆ పని మనమే చేసుకోవాలి.

ఎక్కడ... ఎప్పుడు?

కోటప్పకొండ: తెల్లవారాక మొదటి గంట. ఎండ ఏటవాలుగా పడి పొలం గట్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి. కొండకీ పొలాలకీ మధ్య మంచు తెర ఉంటే మరీ అందం.

ఎత్తిపోతల: వానాకాలంలో చంద్రవంక నిండుగా ఉన్నప్పుడు 70 అడుగుల ఎత్తునుంచి దూకే నీళ్లని చూడాలి. మబ్బు పట్టిన రోజైతే వెలుగు తేడా తక్కువ. షట్టర్ ఎక్కువసేపు తెరిచిన ఫొటోలో నీరు పట్టుచీరలా, తక్కువసేపు తెరిచినదాంట్లో ముత్యాల్లా వస్తుంది. రెండూ కలిపితే రెంటికీ చెడుతుంది. ధార వరకు ఒకే ఫొటో వాడుకోవాలి.

అనుపు: నాలుగు వైపులా రాతి మెట్లున్న రంగస్థలం మధ్యలో నిలబడితే పనోరమా కోసమే కట్టారా అనిపిస్తుంది. సాయంత్రం నీడలు పొడుగవుతున్నప్పుడు ప్రతి మెట్టూ విడిగా తెలుస్తుంది.

గుత్తికొండ బిలం: పలనాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఇందులోకే వెళ్లాడని చెప్పుకుంటారు. దారి తెలిసిన స్థానికులు తోడు లేకుండా, టార్చి లేకుండా లోపలికి వెళ్లొద్దు.

పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండు వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. డ్యాం పరిసరాల్లో, గర్భగుళ్లలో అక్కడి నిబంధనలు అడిగి తెలుసుకున్నాకే కెమెరా తీయాలి. డ్రోన్‌కి వేరే నియమాలున్నాయి.

ముందు మీ ఇంటితో మొదలుపెట్టండి

నాపరాళ్లు పరిచిన వసారా, మధ్యలో ఎండ పడే ముంగిలి, లోపల దీపం పెడితేగానీ కనపడని వంటగది... పల్నాటి పాత ఇల్లు ఒక్కోటీ ఒక చిన్న గుత్తికొండ బిలమే. పడగొట్టి డాబా వేసుకోవాలన్న ఆలోచన ఉంటే, ఆ పని మొదలయ్యేలోపు ఒక ఆదివారం కేటాయించండి. పెద్ద కెమెరా లేకపోయినా పరవాలేదు.

ఫోను లెన్సుని మెత్తటి గుడ్డతో తుడవండి. చౌకరకం స్టాండు ఒకటి సంపాదించండి. అదీ లేకపోతే పీట మీద పీట పేర్చినా సరే, కదలకూడదు. కెమెరాలో 'ప్రో' మోడ్ ఉంటే ఐఎస్ఓ తక్కువలో, ఫోకస్, రంగులు ఒకచోట కట్టేసి, షట్టర్ ఒక్కటే మారుస్తూ ఒక్కో దిక్కుకీ మూడు ఫొటోలు తీయండి. తరవాత మూడో వంతు కలిసేలా ఫోన్ని తిప్పండి. చేత్తో పట్టుకుని తీయాల్సి వస్తే ఫోన్ని మీ చుట్టూ తిప్పకండి. ఫోను ఉన్నచోటే ఉండాలి, మీరే దాని చుట్టూ అడుగులు వేయాలి. మొదట్లో నవ్వొస్తుంది, అలవాటైతే ఇంతేనా అనిపిస్తుంది. ఎండ మారేలోపు, అంటే పది నిమిషాల్లో ఒక చుట్టు పూర్తికావాలి.

కుట్టిన బొమ్మ బాగా రాలేదని మూల ఫొటోలు మాత్రం చెరిపేయకండి. ఇవాళ అతకనివి రేపొచ్చే సాఫ్ట్‌వేర్‌తో అతకొచ్చు. రెండు వేర్వేరు చోట్ల దాచండి. తేదీ రాయండి, ఏది తూర్పో రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మని పెద్ద తెర మీద పెట్టి నాయనమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకోండి. 'ఆ దూలం ఏ ఏడు ఎత్తారు, ఆ గూట్లో ఏం పెట్టేవాళ్లు, ఆ గోడ అవతల ఎవరి ఇల్లు' అని ఒక్కొక్కటే అడిగి రాసుకోండి. వెలుగూ నీడా కెమెరా పట్టుకుంటుంది. వాటి పేర్లు చెప్పగలిగేది మాత్రం వాళ్లే.